ఎల్లప్ప ఎన్నిసార్లు చచ్చిండు

కూర్చోవడం నాకు చేతకాదు. ముప్పై ఏళ్లకు పైగా కబడ్డీ గీత పక్కన అటూ ఇటూ తిరిగిన కాళ్లు ఇవి. ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చుని ఇప్పటికే మూడుసార్లు లేచాను. ఒకసారి మంచినీళ్లకు, రెండుసార్లు ఊరికే.

ఆట నేర్పే కొలువులోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. "సార్, మీ అనుభవం చెప్పండి" అంటారు. వాళ్ల కోసమే ఇది. ఆర్డర్లు, బదిలీలు, ప్రమోషన్లు ఇందులో ఉండవు. అవి ఎవరి బతుకులోనైనా ఒకటే. ఒక్క సీజన్ గురించి ఎక్కువ రాస్తాను. ఆ సీజన్లో మేము గెలిచాం, షీల్డు తెచ్చాం. అయినా అది గుర్తుకొస్తే గర్వం కంటే ముందు నాకు చెమట పడుతుంది.

అట్ట లేని పుస్తకం

పోలీసు యాక్షన్ అయిన ఏడాది నా బడి ఆగిపోయింది. అప్పటిదాకా చదివింది ఉర్దూలో. మళ్లీ బడి తెరిచేసరికి ఇంట్లో పంపే స్థితి లేదు. వికారాబాద్‌లో మిషన్ కాంపౌండు పక్కన ఒక చదువుల గది ఉండేది. దాన్ని చూసుకునే దేవదాసు గారు చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని వచ్చిన ఎవరినైనా రానిచ్చేవారు. నేను రోజూ వెళ్లాను. తెలుగు అక్కడే గట్టిపడింది. ఇంగ్లీషు పూర్తిగా అక్కడే నేర్చుకున్నాను, ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో నిఘంటువు పెట్టుకుని. తర్వాత ప్రైవేటుగా పరీక్ష కట్టి పాసయ్యాను. డ్రిల్ మాస్టరు ఉద్యోగం వచ్చింది. నన్ను ఏ కాలేజీ తయారు చేయలేదు. ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ ఇష్టమే.

ఆ గదిలో రెండు ట్రంకు పెట్టెల పుస్తకాలు ఉండేవి. ఎవరో అమెరికా దొర తిరిగి వెళ్తూ వదిలేసినవి. అందులో ఒకదానికి అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. అది బేస్‌బాల్ అనే ఆట గురించి. జీతాలిచ్చి పెట్టుకున్న ఒక జట్టు, అందరికంటే వెనకబడి ఉన్నది, ఒక్క సీజన్లో ఎలా పైకి వచ్చి గెలిచిందో అందులో ఉంది. ఆ ఆట నేను చూడలేదు. నాలుగు మూలల్లో నాలుగు దిండ్లు పరిచి, కర్రతో బంతిని కొట్టి వాటి చుట్టూ పరుగెడతారని మాత్రం అర్థమైంది. కానీ ఒక సంగతి నన్ను పట్టుకుంది. వాళ్లు ప్రతి ఆటగాడికీ పుస్తకంలో ఒక వరుస పెట్టి, ప్రతి ఆటలో వాడు చేసిన ప్రతి పనికీ ఒక గుర్తు రాసేవారు. కొట్టినా గుర్తే, తప్పినా గుర్తే. ఆ వరుసలు చూసి మేనేజరు ఎవరిని ఆడించాలో తేల్చేవాడు.

ఆ పుస్తకాన్ని నేను తొమ్మిదిసార్లు చదివాను. మూడు పేజీలు తప్ప.

ఆ మూడు పేజీల్లో 'శాక్రిఫైస్' అనే మాట మళ్లీ మళ్లీ వచ్చేది. నిఘంటువు తీస్తే బలి, యాగం, త్యాగం అని ఉంది. ఆ గదిలో పుస్తకాలు సగం దాకా దైవభక్తివే. ఏ కథ చదివినా మధ్యలో ప్రసంగం వచ్చేది. ఇది కూడా అలాంటిదే, ఆట మధ్యలో రాసినాయన దేవుడి మాట ఎత్తుకున్నాడు అనుకుని దాటేశాను. తొమ్మిదిసార్లూ దాటేశాను.

గని జట్టు

వికారాబాద్ బడిలో నాలుగేళ్లు చేశాను. అక్కడి హెడ్మాస్టరుకి డ్రిల్లంటే శిక్ష. అల్లరి చేసినవాణ్ణి నా పీరియడుకి పంపేవాడు. కాలు నిలవలేదు. తాండూర్‌లో నాపరాళ్ల గనుల యజమాని ఒకాయన కబడ్డీ జట్టు పెడుతున్నాడని, దాన్ని చూసుకునే మనిషి కావాలని తెలిసి వెళ్లిపోయాను. ఆయన్ని అందరూ పటేల్ అనేవాళ్లు. ఆట ఆయనకు పిచ్చి. జట్టులోకి తీసుకున్న ప్రతి మనిషినీ గని గుంతలోంచి పైకి తెచ్చి, అంగట్లో బండలు కొలిచే పని ఇచ్చేవాడు. మధ్యాహ్నం నుంచి ఆట సాధన. గుంతలో సుత్తి పట్టినవాడికి ఇది ఎంత పెద్ద మాటో గుంత చూసినవాళ్లకే తెలుసు.

ఆట తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు. గీతకు ఇటు ఏడుగురు, అటు ఏడుగురు. ఒకడు ఊపిరి తీయకుండా కూత పెడుతూ అవతలివాళ్ల మీదికి పోతాడు. ఎవరినైనా ముట్టి గీత దాటి వస్తే ముట్టించుకున్నవాడు చచ్చినట్టు. వాళ్లు పట్టి, కూత తెగేదాకా ఆపితే పోయినవాడు చచ్చినట్టు. చచ్చినవాడు బయట కూర్చోవాలి. అవతలివాడొకడు చస్తే ఇవతల ఒకడు బతికి లోపలికి వస్తాడు, చచ్చిన వరుసలోనే. మా దగ్గర 'అవుట్' అనరు. చచ్చిండు, బతికిండు అంటారు.

మొదట్లో నా పుస్తకాల చదువంతా వాళ్ల మీద కుమ్మరించాను. ఆరోగ్య శాస్త్రం చదివి, ఊపిరి పెరగాలంటే బావి నీళ్లలో మునిగి ఉండాలన్నాను. మహబూబ్ నవ్వాడు. మా జట్టులో కూతకు పోవడంలో వాణ్ణి మించినవాడు లేడు.

"సార్, బండ నెత్తిన పెట్టుకొని గుంతలకెళ్లి మీదికి ఎక్కుతుంటే ఊపిరి తియ్యనిస్తదా? మేం పుట్టిన కాడికెళ్లి గదే చేస్తున్నం. నువ్వే జర నీళ్లల్ల మునుగు, మేం లెక్కవెడ్తం."

మునిగాను. అందరికంటే ముందు తేలింది నేనే. ఆ రోజు నుంచి ఊపిరి సంగతి వాళ్లకే వదిలేశాను. కొత్తవాళ్లకు ఒక మాట. మీ ముందున్న మనిషి ఒంటికి తెలిసిన దాన్ని మీ పుస్తకానికి తెలిసిన దానికంటే తక్కువ అనుకోవద్దు. నేను ఇది ఒకసారి నేర్చుకున్నాను అనుకున్నాను. నేర్చుకోలేదు.

నోటుబుక్కు

మూడో సీజన్లో నోటుబుక్కు మొదలుపెట్టాను. ఏడుగురికీ ఏడు వరుసలు. పట్టితే 'ప', ముట్టి వస్తే 'ము', చస్తే 'చ'. నేను గీత పక్కన తిరుగుతూనే రాసేవాణ్ణి. ఆ ఏడు ఎనిమిది ఊళ్ల జట్లు ఆడాయి. నవాబుపేట మీద గెలిచాం, పూడూరు మీద గెలిచాం. గెలుస్తున్న కొద్దీ నాకు నిద్ర తగ్గింది, నోటుబుక్కు మీద ప్రేమ పెరిగింది. పటేల్ ప్రతి ఆట తర్వాత దాన్ని చదివించుకునేవాడు. ముందు ఆట చూసేవాడు, పోను పోను నోటుబుక్కే చూశాడు.

మా జట్టులో ఎల్లప్ప అని ఒకడు. బషీరాబాద్ దాటి కన్నడం మాట్లాడే ఊరి నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ల అన్న పాదం గుంతలో బండ కింద నలిగిపోయింది. ఇక రెండో కొడుకును గుంతలోకి దించనని వాళ్లమ్మ ఒట్టు పెట్టుకుంది. జట్టులోకి వచ్చాక ఎల్లప్ప బండలు కొలిచే పనికి పైకి వచ్చాడు. ఆట ఉంటేనే ఆ పని.

ఎల్లప్పకి ఒక పాడు అలవాటు ఉందని నేననుకునేవాణ్ణి. అవతలివాడు కూతకు రాగానే అందరూ వెనక్కి జరిగి గొలుసు కడితే, వీడొక్కడు ముందుకు దుమికేవాడు. కొన్నిసార్లు వచ్చినవాడు వీడి భుజం ముట్టి పారిపోయేవాడు. ఎల్లప్ప చచ్చేవాడు. నేను అరచేత్తో నుదురు కొట్టుకుని 'చ' రాసేవాణ్ణి. కొన్నిసార్లు వాడు ఎల్లప్పను ముట్టడానికి తిరిగేలోపు వెనకున్న ఇద్దరు వాడి కాళ్లు పట్టేవాళ్లు. అప్పుడు పట్టినవాళ్ల వరుసలో 'ప' రాసేవాణ్ణి. ఎల్లప్ప వరుసలో ఏమీ రాసేవాణ్ణి కాదు. ఏం రాయాలి? వాడు పట్టలేదు కదా.

పాయింట్ల లెక్కన ఫైనల్లో మా చోటు అప్పటికే ఖాయమైంది. ధారూర్‌తో ఆట, ఆ తర్వాత ఫైనల్ మిగిలాయి. పటేల్ నోటుబుక్కు ముందేసుకుని వేలితో లెక్కపెట్టాడు.

"సార్, గీ ఎల్లప్ప నలభై ఒక్కసారి చచ్చిండు. పట్టింది ఆరుసార్లు. గింతమంది బతికి ఆడుతుంటే గిన్నిసార్లు చచ్చేటోడు నాకెందుకు?"

"దూకుడెక్కువ, పటేలా" అన్నాను.

"నీ పుస్తకం చెప్తున్నది. తీసెయ్."

నేను మాట్లాడలేదు. ఇక్కడ నిజం రాయాలి. భయంతో కాదు మాట్లాడనిది. నోటుబుక్కు నాది, దాని మీద నాకు నమ్మకం. లోపల ఎక్కడో, ఇంత దూరం ఊళ్లో నా చదువు ఇలా పనికొచ్చిందని ఒక సంతోషం కూడా ఉంది. మర్నాడు ఎల్లప్పకి సుత్తి ఇచ్చి గుంతలోకి పంపారు.

ధారూర్

రైలు దిగి గ్రౌండుకి వెళ్లేసరికి వికారాబాద్ జట్టువాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. ఫైనల్లో మాతో ఆడాల్సింది వాళ్లే. మమ్మల్ని చూసిపోదామని వచ్చారు.

ఎల్లప్ప స్థానంలో మంచి పట్టున్న మనిషినే దింపాను. వాడి తప్పు ఏమీ లేదు. కానీ కూతకు వచ్చిన ధారూర్‌వాడు తొందర లేకుండా వచ్చాడు, చూసుకున్నాడు, చివరనున్నవాణ్ణి ముట్టి నడుచుకుంటూ పోయాడు. మళ్లీ వచ్చాడు, మళ్లీ నడుచుకుంటూ పోయాడు. మా గొలుసు గొలుసులాగే నిలబడింది, ఎవరినీ పట్టలేదు. మహబూబ్ మొదట్లోనే ఒకసారి దొరికి చచ్చాడు. బయట కూర్చున్నాడు. కూర్చునే ఉన్నాడు. నేను వాడి ముందు నుంచి ఎన్నిసార్లు తిరిగానో.

చివరికి వాడు నా ధోవతి పట్టుకుని ఆపాడు.

"సార్, తిరుగుడు ఆపి ఒక్క మాట చెప్పు. నన్ను బతికిచ్చేటోడేడి?"

"ఎవడు?"

"ఎవడేంది? ఎల్లప్ప. వాడు ముంగట దుంకి చస్త అంటెనే అవతలోడు అటు తిరుగుతడు. తిరిగితెనే మనోళ్లు పడ్తరు. పడ్తెనే నేను బతుకుత. నీ బుక్కుల గది లేదా?"

లేదు.

ఘోరంగా ఓడిపోయాం. వికారాబాద్‌వాళ్లు లేచి దుమ్ము దులుపుకుని నవ్వుకుంటూ స్టేషనుకి పోయారు. వాళ్ల వెనకే అదే రైలెక్కాను, తాండూర్ వైపు కాదు, వికారాబాద్ వైపు.

మూడు పేజీలు

దేవదాసు గారు గది మూయబోతున్నారు. చేతులు కూడా కడుక్కోకుండా లోపలికి పోయాను. అట్ట లేని పుస్తకం అక్కడే ఉంది. బడి పిల్లాడిలా వేలు పెట్టి ఒక్కో మాటా చదివాను. దిండు దగ్గర ఆగిపోయిన తనవాడు ముందుకు కదలడానికి, కొట్టేవాడు కావాలనే బంతిని మెల్లగా కొట్టి తాను అవుట్ అవుతాడు. దాన్నే వాళ్లు శాక్రిఫైస్ అన్నారు. దానికి వేరే గుర్తు ఉంది. అది ఆ మనిషి తప్పుల్లోకి రాదు. అంతే. ఆ మూడు పేజీల్లో దేవుడి ఊసే లేదు.

దేవదాసు గారికి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, నవ్వాపుకోవడానికి అనుకుంటాను.

"గిన్నేండ్లు గిది ప్రసంగమని ఇడిచిపెట్టినవా? అయ్యా, ప్రసంగమే అనుకో. ప్రసంగమైతే మాత్రం ఇడిచిపెట్టాల్నా?"

మర్నాడు తాండూర్ చేరి మహబూబ్‌నీ మిగతావాళ్లనీ కూర్చోబెట్టి, ఆట తర్వాత ఆట గుర్తుచేసుకోమన్నాను. ఏ పట్టు ఎలా పడిందో వాళ్లకు పూసగుచ్చినట్టు తెలుసు. "పూడూర్ల గా బక్కోడు అచ్చినప్పుడు ఎల్లప్పే దుంకిండు." "నవాబుపేటల రెండోసారి గూడ." ఎల్లప్ప వరుసలో కొత్త గుర్తు వేస్తూ పోయాను. 'బ'. బతికించాడు. వరుస సరిపోక పక్క కాగితం అతికించాను.

పటేల్ ముందు

పటేల్ అంగట్లో బండల మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ కొలతవాళ్లు, బండి తోలేవాళ్లు. నోటుబుక్కు ముందు పెట్టాను. ఆయన ముట్టుకోలేదు.

"ఓడినంక కొత్తగ రాసుకొచ్చినవా? మొన్నటిది అబద్ధమా, ఇయ్యాల్టిది అబద్ధమా?"

"మొన్నటిది తప్పు, పటేలా. తప్పు ఎల్లప్పది కాదు, నాది."

"నీ తప్పేంది? పుస్తకం చదివినోనివి."

"చదవలేదు. మూడు పేజీలు విడిచిపెట్టాను."

ఆయన గొంతు పెంచాడు.

"నాకొక్కనికి చెప్తే ఏం లాభం? గీళ్లందరికి చెప్పు. బేవకూఫ్ లెక్క గుంతల దిగింది వాడు గద."

నేను ఆ మనుషులకు రోజూ పుస్తకాల మాటలు చెప్పినవాణ్ణి. ఊపిరి గురించి, ఎముకల గురించి, ప్రపంచంలో ఎక్కడెక్కడ ఏ ఆటలు ఆడతారో వాటి గురించి. ఇప్పుడు వాళ్ల ముందు నిలబడి, నాకు ఒక మాట అర్థం కాలేదని, అర్థమైనట్టు దాటేశానని, దానివల్ల ఒక మనిషి గుంతలోకి పోయాడని చెప్పాను. కాళ్లు ఆ కాసేపు మాత్రం కదల్లేదు.

బండి తోలే ముసలాయన ఒకడు అన్నాడు, "గా పేజీలల్ల ఉన్నది మాకు చదవకముందుకే ఎర్కనే గద సారూ. అడిగితే చెప్పకపోదుమా?"

అందరూ నవ్వారు. పటేల్ కూడా.

"సరే. ఆడని. ఓడితే మాత్రం వాడొక్కడు కాదు, నువ్వు గూడ గుంతల దిగాలె. నీకు గూడ ఒక సుత్తి పెడ్త."

గుంత

మూడేళ్లు ఆ గని అన్నం తిని గుంతలోకి దిగడం అదే మొదటిసారి. కింద ఎండ తెల్లగా కొట్టింది. ఎల్లప్ప నన్ను చూసి సుత్తి ఆపలేదు.

"హౌదా, నిజమా సార్! నువ్వు గూడ చచ్చినవా? గిక్కడికి పంపిండ్రా?"

జరిగింది చెప్పాను. ఫైనల్‌కు రమ్మన్నాను. వాడు బండ మీద కూర్చున్నాడు.

"మా అవ్వకు చెప్పలె సార్. కొలత పనికే పోతున్న అనుకుంటున్నది. వాగుల తలకాయ కడుక్కొని, దుమ్ము దులుపుకొని ఇంటికి పోతున్న. నిన్న చెవుల దుమ్ము సూసి అడిగింది. గాలి కొట్టిందన్న." అమ్మ మాట రాగానే చెవి తుడుచుకున్నాడు. "వస్త. గానీ నాదొక షరతు."

"చెప్పు."

"నేను చచ్చినప్పుడల్ల నువ్వు తలకాయ కొట్టుకుంటవు సూడు, గది బందు చెయ్యాలె. గది సూస్తే నాకు దుంకబుద్ధి కాదు. నలభైసార్లు సూసిన సార్, గట్లనే దుంకిన."

ఫైనల్

వికారాబాద్‌లో నేను పనిచేసిన బడి గ్రౌండే. పాత హెడ్మాస్టరు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దేవదాసు గారు కూడా వచ్చారు. ధారూర్‌లో మమ్మల్ని చూసిపోయిన ధైర్యంతో వికారాబాద్‌వాళ్లు నవ్వుతూనే దిగారు.

మొదటి కూతకే ఎల్లప్ప దుమికాడు, చచ్చాడు. జనం గోల చేశారు. నా చెయ్యి దానంతట అదే నుదుటి దాకా లేచింది. వాడు గీత దాటుతూ నా వైపే చూస్తున్నాడు. ఆ చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక లాల్చీ జేబులో పెట్టుకున్నాను. వాడు పళ్లు బయటపెట్టి నవ్వుతూ వచ్చి కూర్చున్నాడు.

ఆట ఎటూ తేలలేదు. వాళ్లొక అడుగు ముందు, మేమొక అడుగు ముందు. గీత పక్కన నేను తిరిగిన చోట గడ్డి పోయిందని తర్వాత చెప్పారు. ఇంకొద్ది నిమిషాలుండగా పాయింట్లు సమానం. మహబూబ్ చచ్చి బయట ఉన్నాడు, వరుసలో ముందున్నది వాడే. లోపల మావాళ్లు ముగ్గురే, అందులో ఎల్లప్ప ఒకడు.

వాళ్ల పెద్ద కూతగాడు వచ్చాడు. ధారూర్‌లో చూసినట్టే తొందర లేకుండా వచ్చాడు. ఎల్లప్ప ఒక్కడే కదిలాడు. చేతులు కూడా ఎత్తలేదు, భుజం ముందుకు పెట్టి, ముట్టు అన్నట్టు మీదికి పోయాడు. అంత దగ్గర్లో చావు ఒప్పుకున్న మనిషి దొరికితే ఎవడు విడుస్తాడు? వాడు తిరిగాడు. చెయ్యి ఎల్లప్ప భుజం మీద పడింది. అదే క్షణంలో వెనకనుంచి ఇద్దరూ వాడి మోకాళ్ల మీద పడ్డారు. గీతకు జానెడు దూరంలో వాడి కూత సన్నబడింది, సన్నబడింది, తెగింది.

మహబూబ్ లోపలికి పరుగెత్తిన తీరు నేను మర్చిపోలేను. మా వంతు రాగానే కూత పెట్టి పోయి ఒకణ్ణి ముట్టి వచ్చాడు. తర్వాత వాళ్ల కూత ఒకటి వట్టిగా పోయింది. ఈల.

రెండు పాయింట్లు. పటేల్ షీల్డు కంటే ముందు ఎల్లప్పను ఎత్తుకున్నాడు.

చివరి గుర్తు

ఆ తర్వాత చాలా జట్లు చూశాను, అంపైరింగ్ చేశాను, ఎందరికో నేర్పాను. వరుసలు రాయడం మానలేదు. రాయడం మంచిదే. కానీ కొత్త గుర్తు వేసే ముందు ఆడేవాళ్లను అడగడం అలవాటు చేసుకున్నాను. ఎల్లప్ప ఒళ్లు సహకరించినన్నాళ్లూ ఆడాడు. ఆడడం మానాక కూడా పటేల్ వాణ్ణి కొలత పని నుంచి కదపలేదు. వాళ్లమ్మ మాట నిలబడింది.

ఫైనల్ అయిన మర్నాడు అంగట్లో నోటుబుక్కు చూపించమన్నాడు ఎల్లప్ప. వాడికి చదవడం రాదు. వాడి వరుస మీద వేలు పెట్టించాను.

"ఇది చ. చచ్చినట్టు. ఇది బ. నువ్వు బతికించినట్టు."

అతికించిన కాగితం చివరిదాకా వేలు జరుపుకుంటూ పోయాడు. పెదాలతో లెక్కపెట్టుకున్నాడు.

"మస్తున్నయి" అన్నాడు. తర్వాత పేజీ పైకి కిందికి వెతికాడు. "నీ వరుస ఏది సార్?"

"నేను ఆడలేదు కదరా."

"మరి మొన్న పటేల్ ముంగట, గందరి నడుమ నిలబడి చచ్చినవు గద. నన్ను గుంతలకెళ్లి తీసినవు. గది రాసుకోలేదా?"

అప్పుడు నవ్వి నోటుబుక్కు మూశాను. రాసుకోలేదు. ఇదిగో, ఇప్పుడు రాశాను.